చిమ్మిలి వద్దన్న దాలమ్మ

గెడ్డవలసలో దాలమ్మ గుమ్మం ముందు నుంచి ఎవరైనా ఖాళీ నోటితో దాటడం నేను చూడలేదు. ఉత్తరం తెచ్చినవాడికైనా, గేదెకు సూది వెయ్యడానికి వచ్చినవాడికైనా, కరెంటు మీటరు చూసేవాడికైనా "కూకో, ఓ ముద్ద తినేసి ఎల్లు" అనడమే ఆవిడ పలకరింపు. కడుపు నిండా తిని వచ్చానన్నా, ఒంట్లో బాగోలేదన్నా ఆవిడ చెవికెక్కదు. నేను ఆ ఊరి ఉపకేంద్రంలో నర్సుగా చేరిన రోజున, ఇంకా పెట్టె కూడా దించకముందే పళ్ళెం నిండా అన్నం, ఆనపకాయ కూర తెచ్చి అరుగు మీద పెట్టింది. కూరలో దంచిన నువ్వుల పొడి దండిగా ఉంది. మా విజయనగరం పల్లెల్లో ఆ పొడి పడకపోతే కూరకి రుచి ఉందని ఒప్పుకోరు. అందులోనూ దాలమ్మ పొడికి ఊళ్ళో ఒక పేరుండేది. నువ్వులు సొంత చేలో పండినవి, రోలు సొంతది, అరవై దాటినా రోకలెత్తి దంచే చేతులూ సొంతవే.

ఆ మనిషే తర్వాత నువ్వుగింజ పేరెత్తితే ఊరందరి మీదా విరుచుకుపడేది. ఆవిడకి పొగరని కొందరన్నారు, పిచ్చని కొందరన్నారు. ఆ మాటలు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అసలు జరిగింది చెప్తాను, ఏమనుకోవాలో మీరే అనుకోండి.

మా వైపు నాగుల చవితంటే చిన్న పండగ కాదు. దీపావళి నుంచి దాచిపెట్టిన టపాకాయలు కూడా ఆ రోజే కాలుస్తారు. ఇంటిల్లిపాదీ తోటల్లోకి, పొలంగట్ల మీదికి వెళ్ళి, పుట్టలో పాలు పోసి, గుడ్లు వేసి, చలిమిడి, చిమ్మిలి నైవేద్యం పెట్టి, అక్కడే కూర్చుని తింటారు. చలిమిడి అంటే బియ్యప్పిండి, బెల్లం. చిమ్మిలి అంటే నువ్వులు, బెల్లం కలిపి నూనె దిగేదాకా దంచిన ముద్ద. ఆ వీధి మొత్తానికి చిమ్మిలి దాలమ్మ రోట్లోనే దంచాలి. ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఆడవాళ్ళంతా ఆవిడ పెరట్లో చేరితే, నువ్వులు ఎంత వేగాలో, బెల్లం ఎప్పుడు వెయ్యాలో ఆవిడే చెప్పేది. ఎవరైనా తొందరపడితే రోకలి లాగేసుకునేది.

దాలమ్మ కొడుకు గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. కోడలు ఈశ్వరి మాట కూడా వినపడనంత నెమ్మది. వాళ్ళకి ఒక్కతే కూతురు, యామిని. దాలమ్మ మొగుడు పోయి చాలా కాలమైంది. ఆయన తమ్ముడు నరసింగరావు వీధిలో పెద్ద. మంచివాడే. ఆ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పలేను.

యామినికి ఐదేళ్ళప్పుడు, అంటే 2015 చవితి రోజున, పుట్ట దగ్గర చిమ్మిలి తిన్న కాసేపటికి పెదాలు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. నేనప్పటికి ఆ ఊరు రాలేదు. చూసినవాళ్ళు చెప్పారు, వీపు మీద దద్దుర్లు ఒకదాన్నొకటి అంటుకుని పొలుసుల్లా కనిపించాయట. ఇంకేం కావాలి! పండగ నాగేంద్రుడిది, ప్రసాదం నాగేంద్రుడిది, పిల్ల ఒంటి మీద పొలుసులు. నాగదోషం అని నరసింగరావు తేల్చేశాడు. నేను తిట్టుకుంటూనే ఒప్పుకుంటాను, వాళ్ళకి తెలిసినంతలో వాళ్ళ ఆలోచన సబబుగానే ఉంది. వెంటనే దాలమ్మ చేత మొక్కు మొక్కించారు. వచ్చే మూడు చవితులూ పిల్ల తన చేత్తో పుట్టకి చిమ్మిలి పెట్టాలి, అక్కడే మొదటి ముద్ద తను తినాలి. అంటే ఏ తిండి పిల్లని చంపబోయిందో ఆ తిండినే దేవుడి పేరు మీద మళ్ళీ పెడతామని ఒప్పుకున్నారు.

దద్దుర్లు సాయంత్రానికి తగ్గాయి. దాంతో మొక్కు పనిచేసిందని అందరికీ నమ్మకం కుదిరింది.

నిజానికి యామిని అంతకుముందు నుంచే చెప్తూ ఉంది. నువ్వులపొడి కూర పెడితే నోరు దురదంటూ పళ్ళెం తోసేసేది. ఇంత పేరున్న కూరని మనవరాలు తోసేస్తే దాలమ్మకి ఎంత నామోషీ! మొండిపిల్ల అని పేరు పెట్టేశారు. అప్పటినుంచి పిల్ల ఆ కూరలు ముట్టకుండా చారూ అన్నంతో గడిపేసేది.

2016 చవితికి నేను ఊళ్ళోనే ఉన్నాను. పండగ సెలవు కదా అని ఉపకేంద్రం వెనక నా క్వార్టర్లో బట్టలు ఉతుక్కుంటున్నాను. గెడ్డ వాగు ఒడ్డున తాటితోపు వైపు నుంచి టపాకాయల మోత వస్తోంది. ఇంతలో ఎవరో నా తలుపు కాలితో తన్నారు. తీస్తే దాలమ్మ. చేతుల్లో యామిని. ఆవిడ జుట్టుముడి ఊడిపోయింది, చీర కుచ్చిళ్ళు జారిపోయి మట్టిలో ఈడుస్తోంది.

"సిస్టరమ్మా, గుంట బుస కొడతన్నాది," అంది.

పిల్ల ముఖం గుర్తుపట్టలేనంత వాచింది. పెదాలు నీలంగా మారుతున్నాయి. లోపలికి పీల్చే ప్రతి శ్వాసా ఈలలా వినిపిస్తోంది. మొక్కు ప్రకారం చిమ్మిలి ముద్ద తిన్నాక మొదలైన ఆ చప్పుడినే తోపులో అందరూ బుస అనుకున్నారు. పిల్లకి నాగేంద్రుడు పూనాడని ఆడవాళ్ళు దణ్ణాలు పెట్టారట, హారతి పళ్ళెం కోసం వెతికారట. దాలమ్మ కూడా ఒక్క క్షణం చేతులు జోడించింది. కానీ పిల్ల ఆవిడ కళ్ళలోకి చూసి, గొంతు చూపించుకుంది. అంతే, ఎత్తుకుని పరుగెత్తింది. నరసింగరావు ఆపబోతే భుజంతో నెట్టేసిందని తర్వాత విన్నాను.

టీకాలు వేసినప్పుడు ఏ బిడ్డకైనా ఒళ్ళు తిరగబడితే వెయ్యడానికని నా పెట్టెలో ఎడ్రినలిన్ మందు ఉంటుంది. పెద్దాసుపత్రి డాక్టరుగారికి ఫోను కలిపి భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, చెప్తూనే సూదిలోకి మందు తీశాను. "ఆలోచించకు, తొడకి వేసెయ్. 108కి చెప్పు," అన్నారాయన. వేశాను. 108కి ఫోను చేశాను. కాసేపటికి ఆ ఈల తగ్గింది. పిల్ల గట్టిగా ఏడ్చింది. ఏడుపు విని అంత సంతోషించడం నాకదే మొదలు. దాలమ్మ నేల మీద కూలబడి, రెండు చేతులతోనూ నోరు మూసుకుంది.

విజయనగరంలో డాక్టరు పరీక్ష చేసి చెప్పాడు, నువ్వులు ఈ పిల్లకి పడవు, కొందరికి కొన్ని తిళ్ళు ఇలాగే ప్రాణం మీదికి తెస్తాయి అని. దాలమ్మ ఆయన్ని వదల్లేదు.

"కొంచెం కొంచెం పెట్టి అలవాటు సేస్తే పోదా బాబూ?"

"ఇంట్లో అలాంటి ప్రయత్నం చెయ్యొద్దమ్మా. ఒక్క గింజ కూడా వద్దు."

"ఒక్క గింజకే సచ్చిపోతాదా?"

"ఒకసారి ఏమీ కాకపోవచ్చు. ఇంకోసారి ప్రాణం పోవచ్చు. ఏసారి ఏమవుతుందో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్కనే కూర్చుంది. చీపురుపల్లి దాటాక ఒక్కసారిగా, "గుంట సెప్తనే ఉన్నాది సిస్టరమ్మా. నోరు దురదెడతన్నాదని రెండేళ్ళు సెప్పినాది. మొండిదన్నాను. తొడపాశం కూడా పెట్టినాను," అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. దవడ బిగించి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ దవడ అలా బిగుసుకుంటే ఏం జరుగుతుందో నాకప్పటికి తెలియదు.

ఇంటికి వెళ్ళగానే నువ్వుల బస్తా బయటికి గెంటించింది. రోలుని బూడిదతో, చింతపండుతో తోమింది. తోమినా నమ్మకం కుదరక బోర్లించేసింది. చాటలు, జల్లెడ, నూనె కుండ అన్నీ మార్చింది. వేసవి వచ్చాక నువ్వులు చల్లాల్సిన చేలో పెసలు చల్లింది. ఊళ్ళోవాళ్ళు గట్టు మీద నిలబడి నవ్వితే, "నవ్వండి. మా గుంట కూడా నవ్వుతాది, బతికున్నాది కాబట్టి," అని అరిచింది.

పిల్ల ఇంటికి వచ్చిన వారంలోనే బడి మీద కూడా పడింది. యామిని రెండో తరగతి. బళ్ళో మధ్యాహ్నం వంట చేసే జగ్గమ్మ, పాపం పిల్లలు ఇష్టంగా తింటారని తన చేలో పండిన నువ్వులు దంచి కూరలో వేసేది. దాలమ్మ వెంట నన్ను కూడా లాక్కెళ్ళింది. హెడ్మాస్టరు నారాయణమూర్తిగారు నెమ్మదస్తుడు, గొడవంటే భయం.

"ఒక్క పిల్ల కోసం వంట మార్చమంటే ఎలాగమ్మా? ఇంటి నుంచి క్యారేజీ పంపండి. విడిగా కూర్చోబెట్టి తినిపిస్తాం," అన్నారు.

"క్యారేజీ పంపమంటే పంపుతాను. దొంగలాగ ఓ మూల కూకోబెడితే మాత్రం ఊరుకోను. అదేం తప్పు సేసినాది మేస్టారూ? అందరితోనే కూకుంటాది, అందరితోనే తింటాది."

జగ్గమ్మకి కోపం వచ్చింది. "నూపొడి ఏసి వండడం నువ్వే నేర్పినావు కాదేటి? ఇప్పుడు నాదేటి తప్పు?"

"నాను నేర్పినాను. ఇప్పుడు మానీమని కూడా నానే సెప్తన్నాను. నేర్పినప్పుడు ఇన్నావు కదా, ఇప్పుడూ ఇను."

జగ్గమ్మ కొన్నాళ్ళు ముఖం తిప్పుకుని తిరిగింది కానీ పొడి మానేసింది, గరిటెలు వేడినీళ్ళతో కడగడం మొదలుపెట్టింది. కూర చప్పగా ఉందని పిల్లలు రెండు రోజులు గునిశారు, మూడో రోజు మర్చిపోయారు. పిల్లలకి అలవాటవ్వడం తేలికే. పెద్దవాళ్ళతోనే చావొస్తుంది.

డాక్టరుగారి అనుమతితో ఒక సూది, మందు బళ్ళో పెట్టించాను, ఇంకోటి వాళ్ళింట్లో పెట్టించాను. నేను ఊళ్ళో లేని రోజున ఎవరు వేస్తారని దాలమ్మే అడిగింది. అందుకని హెడ్మాస్టరుగారికీ ఈశ్వరికీ నిమ్మకాయల మీద నేర్పాను. మేస్టారు మొదటి నిమ్మకాయని వదిలేసి తన బొటనవేలికి పొడుచుకున్నారు. అంత నెమ్మదైన ఈశ్వరి మాత్రం మొదటిసారే సరిగ్గా వేసి, నా వైపు చూసి, "దీని తొడకైతే సెయ్యి ఆగదేమో సిస్టరూ," అంది. "ఆగకూడదు," అన్నాను. తరగతి పిల్లలందరికీ కూడా చెప్పాను. యామిని నోరు దురదన్నా, పెదాలు వాచినా, గొంతు బొంగురుపోయినా, కక్కినా ఒకరు మేస్టారి దగ్గరికి పరుగెత్తాలి, ఒకరు నా దగ్గరికి. నీళ్ళు తాగించి చూద్దాం, కాసేపు పడుకోబెట్టి చూద్దాం అని కూర్చోకూడదు. తనని ఒంటరిగా ఇంటికి పంపకూడదు. ఆటపట్టించడానికి కూడా తన పళ్ళెంలో ఏమీ వెయ్యకూడదు.

అన్నిటికంటే కష్టమైన పాఠం దాలమ్మే చెప్పింది. ఒక సాయంత్రం వాళ్ళ అరుగు మీద కూర్చుని ఉంటే నా ముందే జరిగింది. ఆవిడ ఒక అరిసె ముక్క తుంచి, "ఇదిగో తిను," అని యామినికి అందించింది. పిల్ల ఠక్కున అందుకుని నోటి దాకా తీసుకెళ్ళింది. దాలమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. ముక్క ఎగిరి వాకిట్లో పడింది.

"అడిగినావా? ఇందులో నువ్వులున్నాయేటని అడిగినావా?"

"నువ్వే కదా పెట్టినావు మామ్మా," అంది పిల్ల, మూతి ముడుస్తూ.

"నాను పెడితే తినేస్తావేటి? నాను పెట్టే కదే నిన్ను సంపబోయినాను! నాను పెట్టినా అడగాల. మీ అమ్మ పెట్టినా అడగాల. దేవుడొచ్చి పెట్టినా అడగాల. తెలీదంటే తినకూడదు. బలవంతం సేస్తే కేకెయ్యాల. ఎవులేటనుకుంటారోనని సూడకు."

అరిసెలో నువ్వులు లేవు. ఆవిడ ఇంట్లో అవి ఉండే అవకాశమే లేదు. అయినా ఆ పాఠం ప్రతి సాయంత్రం నడిచింది. ఊరందరికీ కొసరి కొసరి తినిపించే మనిషి, తన చేతి ముద్దని తన మనవరాలు వద్దనేలా తనే నేర్పింది. పిల్ల మొదటిసారి గట్టిగా, "ఇందులో ఏటేటి ఏసినావు మామ్మా? సెప్పకపోతే తిన్ను," అన్నప్పుడు దాలమ్మ నవ్వింది, వెంటనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ పాఠం పనికొచ్చిన రోజు కూడా చూశాను. మనవడు పుట్టాడన్న సంతోషంలో నారాయణమూర్తిగారు ఇంటి నుంచి డబ్బా నిండా జంతికలు తెచ్చి పంచారు. యామిని చేతులు వెనక్కి పెట్టుకుని, "మేస్టారూ, ఇందులో నువ్వులున్నాయా?" అని అడిగింది. ఆయన లేవు అనబోయి, ఆగి, జేబులోంచి ఫోను తీసి అందరి ముందే భార్యకి చేశారు. "ఏమే, జంతికల్లో నువ్వులు వేశావా?" తరగతంతా పకపకా నవ్వింది. వేశానందావిడ. మేస్టారు యామినికి దండం పెట్టి, మర్నాడు అందరికీ బిస్కెట్లు తెస్తానన్నారు. తెచ్చారు.

ఇలా ఏడాది తిరగొచ్చింది. మళ్ళీ చవితి వస్తోంది. మొక్కులో మిగిలిన రెండు చవితులూ నరసింగరావు మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉన్నాయి. ముందుగా నా మీదికి వచ్చాడు. నేను ఆదివారం చీపురుపల్లి వెళ్ళి బాప్టిస్టు చర్చిలో ప్రార్థన చేసుకుంటాను. "మా వదినని ఆ సిస్టరమ్మ ప్రార్థనల్లో కలిపేసుకున్నాది. అందుకే పిల్ల ప్రసాదం తినదు," అని వీధిలో అన్నాడు. వింటే నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే భయం వేసింది. ఇలాంటి మాట పట్టుకుంటే ఊళ్ళో పని చేసుకోలేం. నేను వెళ్ళి సంజాయిషీ చెప్పేలోపే దాలమ్మ అతని ఇంటి ముందు నిలబడింది.

"నరసింగా, ఆవిడ ఆవిడ దేవుడికి దణ్ణమెట్టుకుంటాది, నాను నా దేవుడికి ఎట్టుకుంటాను. నా గుంట ఊపిరాగిపోతన్నప్పుడు ఆవిడ సూదేసినాది, నువ్వు హారతి కోసం ఎతికినావు. ఇంకోసారి ఆవిడ పేరెత్తితే బాగోదు."

అతను తల వంచుకున్నాడు కానీ మనసు మార్చుకోలేదు. చవితికి కొద్ది రోజుల ముందు అతని లేగదూడ పాము కరిచి చచ్చిపోయింది. ఇక వీధి మొత్తం అతని వెనక చేరింది. మొక్కు చెల్లించకపోతే దూడతో ఆగదన్నారు. రేపు ఎవరి పిల్లని కరుస్తుందో అన్నారు. వాళ్ళది దొంగ భయం కాదు. రాత్రిళ్ళు పిల్లల్ని మంచాల మీంచి దించడం మానేశారు.

నరసింగరావు బతిమాలాడు కూడా. "వదినా, ముద్ద తినమనడం నేదు. ఒక్క గింజ. ఒక్క నువ్వుగింజ నాలిక్కి తగిలిస్తే మొక్కు తీరిపోతాది. సూది ఉన్నాది, సిస్టరమ్మ ఉన్నాది. ఒక్క గింజకి ఏటవుతాది?"

"ఏటీ అవకపోవచ్చు," అంది దాలమ్మ. "అయినా పెట్టను."

పిల్లని ఆ రోజు ఇంట్లోనే ఉంచమని నేనే సలహా ఇచ్చాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "దాక్కోవడానికి అదేటి సేసినాది?" అంది.

2017 చవితి పొద్దున నేను సూదిపెట్టె సంచీలో వేసుకుని తాటితోపుకి వెళ్ళాను. పుట్ట దగ్గర క్రైస్తవురాలికేం పని అన్నట్టు కొందరు చూశారు. చూడనీ అనుకున్నాను. వీధంతా అక్కడే ఉంది. ఆడవాళ్ళు పాలచెంబులు, గుడ్లు, పూలు పట్టుకుని నిలబడ్డారు. దూరంగా కుర్రాళ్ళు సీమటపాకాయలు కాలుస్తున్నారు. దాలమ్మ కొత్త చీర కట్టింది, ఒక చేత్తో పాలచెంబు, ఇంకో చేత్తో మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. వెనకే ఈశ్వరి చలిమిడి తెచ్చింది. చిమ్మిలి లేదు.

దాలమ్మ పుట్టకి పసుపు, కుంకుమ పెట్టింది. పాలు పోసింది. గుడ్డు వేసింది. భక్తిలో ఏ లోటూ చెయ్యలేదు. లేచి నిలబడగానే నరసింగరావు చిమ్మిలి ఉన్న ఆకుదొన్నెతో ముందుకొచ్చాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తల్లీ, ఇలగ రా," అన్నాడు యామినితో. అందులో కోపం లేదు, వేడుకోలే ఉంది.

యామిని కదల్లేదు. "నాకు పడదు చిన్నతాతా. పెట్టొద్దు," అని గట్టిగా అంది. తోపులో అందరికీ వినపడింది.

"ఒక్క గింజ. నీకోసరం కాదు, ఈ పిల్లలందరి కోసరం," అంటూ అతను ఒక గింజ వేలికొనకి అంటించుకుని ఇంకో అడుగు వేశాడు. నేను సంచీ తెరిచాను. ఈశ్వరి వచ్చి కూతురికి అడ్డంగా నిలబడింది. వెనక నుంచి ఎవరో, "పెట్టించెయ్ దాలమ్మా, మాకూ పిల్లలున్నారు కదేటి?" అన్నారు. ఇంకెవరో ఏడుస్తున్నారు.

దాలమ్మ చెంబు కింద పెట్టింది. పుట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. గాజులు మోచేతి పైకి తోసుకుంది. ఏం చెయ్యబోతోందో నాకు అర్థమయ్యేలోపే పుట్ట కన్నంలో చెయ్యి పెట్టేసింది. మోచేతి దాకా.

కుర్రాళ్ళు టపాకాయలు ఆపేశారు. నా పెట్టెలో పిల్లకి మందు ఉంది కానీ పాము కాటుకి లేదు. దానికి చీపురుపల్లి పోవాలి.

"నాగేంద్రా, తండ్రీ," అంది దాలమ్మ. ఎప్పుడూ అరిచే మనిషి, పక్కింటి వాళ్ళతో మాట్లాడినట్టు మామూలుగా మాట్లాడింది. "మొక్కింది నాను. మాట తప్పింది నాను. ఈ గుంట నీకేటీ మొక్కనేదు. ఈ వీధి పిల్లలు నీకేటీ బాకీ నేరు. కోపముంటే ఇదిగో నా సెయ్యి. కరిసెయ్. నీ యిష్టమొచ్చినంత సేపు తీసుకో. నాను తియ్యను."

తియ్యలేదు కూడా. యామిని, "మామ్మా, తీసెయ్యే," అని ఏడుస్తుంటే ఈశ్వరి దాన్ని గట్టిగా పట్టుకుంది. నేను లోలోపల ప్రార్థన చేసుకున్నాను, ఆ రోజు ఏ దేవుడు విన్నాడో నేను లెక్క చూసుకోలేదు. చాలాసేపటికి ఆవిడ చెయ్యి బయటికి తీసింది. మట్టి, పాలు, పగిలిన గుడ్డు సొన తప్ప దాని మీద ఏమీ లేదు. మోకాళ్ళ మీదే నరసింగరావు వైపు తిరిగింది.

"ఇప్పుడు నువ్వు పెట్టు," అంది.

"ఏటి వదినా?"

"నీ సెయ్యి. కన్నంలో పెట్టు. ఇందులో పాము నేకపోవచ్చు. ఉన్నా కరవకపోవచ్చు. నన్ను కరవనేదు కదా, నిన్నూ కరవదేమో. పెట్టు నరసింగా. నువ్వు పెట్టి తీసినావంటే, ఆ గింజ మా గుంట నాలిక మీద నానే పెడతాను. వీధందరి ముందూ సెప్తన్నాను."

అతను పెట్టేస్తే? కానీ దాలమ్మ అతన్నే చూస్తోంది, రెప్ప వెయ్యడం లేదు. మరిదిని పెళ్ళయిన నాటి నుంచి ఎరిగిన మనిషి.

నరసింగరావు దొన్నె ఎడమచేతిలో అలాగే పట్టుకున్నాడు. వంగాడు. కుడిచెయ్యి చాపాడు. పుట్ట దాకా వెళ్ళిన చెయ్యి అక్కడ ఆగిపోయింది. వేలికొనకి అంటుకున్న గింజ రాలి ఎక్కడ పడిందో ఎవరూ చూడలేదు. అతని భార్య జనంలోంచి, "వద్దయ్యా, వద్దు, ఏటవుతాదో ఎవులికి తెలుసు!" అని గావుకేక పెట్టింది.

దాలమ్మ ఆవిడ వైపు చూసింది. "అదే కదమ్మా నాను సెప్తన్నది," అంది.

పెట్టించెయ్ అన్న గొంతు మళ్ళీ వినపడలేదు. నరసింగరావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దొన్నె మీద ఇంకో ఆకు కప్పి తీసుకెళ్ళి భార్య చేతికిచ్చి, చెంబుడు నీళ్ళతో రెండు చేతులూ కడుక్కున్నాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు, "సరే వదినా. పిల్లని ఇంటికి తీసుకెల్లిపో."

"ఎందుకెల్తాది?" అంది దాలమ్మ. ఆ మట్టిచేతిని కొత్త చీరకి తుడుచుకుని, మనవరాల్ని ముందుకి లాగి పుట్ట ఎదురుగా కూర్చోబెట్టింది. "పండగ దానిది కాదేటి? దాని వంతు పాలు అది పొయ్యనేదు ఇంకా."

చెంబు పిల్ల చేతికిచ్చింది.